అరవై రెండేళ్ల వయసులో నాన్నగారి జూడో: ఆపించాలా, సాగనివ్వాలా?

మీరు రాసినదాన్ని ముందుగా క్లుప్తంగా చెప్పుకుంటాను. మీ నాన్నగారికి 62 ఏళ్లు. పాతికేళ్ల వయసులో మొదలుపెట్టిన జూడోను ఆయన ఇంతవరకూ వదలలేదు. ఇన్నేళ్లు చేసినా ఆయనది రెండో డాన్, అంటే నల్లబెల్టులో రెండో మెట్టే. చెప్పుకోదగిన పతకం ఏదీ ఇంట్లో లేదు. ఇప్పుడు ఉద్యోగ విరమణ డబ్బులో కొంత తీసి టోక్యో వెళ్లి, జూడోకు పుట్టినిల్లయిన కొడోకాన్‌లో నెల రోజులు ఉండి నేర్చుకుని వస్తానంటున్నారు. మీ అమ్మగారికి భయంగా ఉంది. మీకు భయంతో పాటు ఒక పాత నొప్పి కూడా ఉంది. మీ చిన్నతనపు ఆదివారాలన్నీ ఆయన జూడో సాధన చేసే చాపల మీదే ఖర్చయిపోయాయని మీరు రాసిన వాక్యం దగ్గర నేను కాసేపు ఆగిపోయాను. ఇంతకాలం చేసి ఆయన సాధించినదేమిటి, ఈ వయసులో ఆపించడం మంచిదా అన్నవి మీ రెండు ప్రశ్నలు.

నేను 34 ఏళ్లుగా జూడో చేస్తున్నాను, అందులో ఇరవై ఏళ్లకు పైగా నేర్పుతున్నాను. నా వయసు 57. మీ నాన్నగారి వైపూ, మీ వైపూ రెండూ నాకు తెలుసు, ఎందుకంటే మీరు రాసిన మాటనే మా అమ్మాయి నాతో ముఖాముఖి అన్నది. నా సమాధానం ముందే చెప్పేస్తాను: ఆపించకండి. అయితే ఏ జూడో చేయవచ్చు, ఏది ఇక మానుకోవాలి అన్న విషయంలో మాత్రం గట్టిగా ఉండండి. అది ఎలాగో చెప్పడానికి జూడోలో ‘నేర్చుకోవడం’ అంటే ఏమిటో కొంత వివరించక తప్పదు.

రెండో డాన్ గురించి మొదట చెబుతాను. మన దగ్గర నల్లబెల్టు అంటే విద్య పూర్తయినట్టు లెక్క. జపాన్‌లో మొదటి డాన్‌ను ‘షోదాన్’ అంటారు, అంటే తొలి మెట్టు. అక్కడివరకూ వచ్చినవాడు నేర్చుకోవడానికి కావలసిన సరంజామా సిద్ధం చేసుకున్నాడని దాని అర్థం. మన వీణ విద్యార్థికి సరళీ వరసలు, జంట వరసలు పట్టుబడ్డాయని చెప్పడం వంటిది. ఆపైన డాన్‌లు పెరగడం విద్య మీద ఎంత ఆధారపడుతుందో, పోటీలు, పరీక్షలు, రుసుములు, సంఘాలతో సంబంధాలు, అక్కడ కూర్చున్నవారి ఉద్దేశాల మీద కూడా అంత ఆధారపడుతుంది. ఫుకుదా కెయ్‌కో అనే మహిళ ఉదాహరణ చూడండి. ఆమె 1935లో కొడోకాన్‌లో చేరింది. ఐదో డాన్ వచ్చాక మహిళలకు అంతకుమించి ఇచ్చే ఆనవాయితీ లేదన్న కారణంతో ఆమెను దాదాపు ఇరవై ఏళ్లు అక్కడే నిలిపివేశారు. 1972లో గానీ ఆరో డాన్ రాలేదు. ఆ ఇరవై ఏళ్లలో ఆమె విద్య పెరగలేదని ఎవరైనా అనగలరా? తరువాత ఆమె శాన్ ఫ్రాన్సిస్కోలో స్థిరపడి, 2013లో 99 ఏళ్ల వయసులో కన్నుమూసేవరకూ జూడోతోనే బతికింది. చివరి ఏళ్లలో కూర్చున్న కుర్చీలోంచే శిష్యులను దిద్దేది. కాబట్టి బెల్టు మీద గీతలు లెక్కపెట్టి మీ నాన్నగారి 37 ఏళ్లకు విలువ కట్టవద్దు.

మరి ఆయన ఇన్నేళ్లూ ఏం చేస్తున్నట్టు? దీనికి జూడోను స్థాపించిన కానో జిగోరో జీవితంలోని ఒక సంగతి నాకు తెలిసిన సమాధానాలన్నింటిలో మెరుగైనది. కానో 1860లో ఇప్పటి కోబె నగరంలో భాగమైన మికాగెలో పుట్టాడు. బక్కపలుచని మనిషి. చదువుకునే రోజుల్లో ఒడ్డూ పొడుగూ ఉన్న తోటి కుర్రాళ్ల చేతిలో దెబ్బలు తిని, జుజుత్సు అనే జపాన్ పాత మల్లవిద్యను నేర్పేవారిని వెతుక్కుంటూ వెళ్లాడు. 1882లో టోక్యోలోని ఎయ్‌షోజి అనే బౌద్ధాలయంలో 12 చాపలు పరిచిన చోటు తీసుకుని, తొమ్మిది మంది శిష్యులతో కొడోకాన్ ప్రారంభించాడు. అప్పటికి ఆయన వయసు 21. గురువైన తరువాత కూడా ఆయన తన గురువు దగ్గర శిష్యరికం మానలేదు. ఆ గురువు పేరు ఈకుబో త్సునెతోషి, జుజుత్సులో కితో అనే శాఖకు చెందినవాడు. వయసు యాభై చేరినా, పాతికేళ్లయినా నిండని కానోను పట్టిన ప్రతిసారీ విసిరేసేవాడు. కొన్నేళ్లు గడిచాక, 1885 ప్రాంతంలో ఒకరోజు కథ తిరగబడింది. గురువు ఏ పట్టు పట్టినా పని చేయలేదు, కానో వేసినవన్నీ తగిలాయి. ఏం చేశావని గురువు అడిగితే, ఎదుటివాడిని ఎత్తే ముందు అతని నిలకడ చెదరగొట్టడం ఎలాగో కనిపెట్టానని కానో చెప్పాడు. మనిషిని తోస్తే అతను తిరిగి తోస్తాడు, లాగితే వెనక్కి లాక్కుంటాడు, ఆ క్షణంలో అతని బరువు ఒక పక్కకు ఒరిగి ఉంటుంది, విసరవలసింది అప్పుడేనన్నది ఆ గ్రహింపు. ఇక నీకు నేను నేర్పగలిగింది లేదని చెప్పి ఈకుబో తన శాఖ పూర్తి అధికార పత్రాన్ని ఆయనకు ఇచ్చేశాడు.

ఆ నిలకడ చెదరగొట్టడాన్నే ‘కుజుషి’ అంటారు. మీ నాన్నగారు ఇంట్లో ఈ మాట అనే ఉంటారు. చెప్పడానికి ఒక్క వాక్యం, చేయడానికి ఒక జీవితం చాలదు. నా దగ్గరకు వచ్చే ఒక పెద్దాయన సంగతి చెబితే మీకు కొంత కంటికి కడుతుంది. ఆయన వయసు మీ నాన్నగారి కంటే రెండేళ్లు ఎక్కువ. వారానికి మూడు రోజులు వస్తారు, వచ్చిన ప్రతిరోజూ ఒకే ఒక్క విసురును పట్టుకుంటారు. ఎదుటివారి కాలరు మీద కుడిచేయి, మోచేతి దగ్గర దుస్తుల గుడ్డ మీద ఎడమచేయి పెట్టి, ఒక అడుగు లోపలికి వేసి, తిరిగి, విసరకుండానే వెనక్కి వచ్చేస్తారు. దీన్ని ‘ఉచికోమి’ అంటారు. ఎత్తిపడేయడం ఉండదు, సిద్ధం కావడం వరకే. అలా వంద సార్లు. ఒకరోజు ఆయన అరవయ్యో, డెబ్బయ్యోసారి ఆగిపోయి, తన ఎడమ చిటికెన వేలు వైపు చూసుకున్నారు. ఇన్నాళ్లూ బొటనవేలితో గుడ్డ పట్టి లాగుతున్నాననీ, చిటికెన వేలు బిగిస్తే మోచెయ్యి దానంతటదే పైకి లేస్తోందనీ, ఎదుటి కుర్రాడి మడమ నేల విడుస్తోందనీ చెప్పారు. ఆయన ముఖం చూస్తే లాటరీ తగిలిన మనిషిలా ఉంది. నేను ఆ సంగతిని ఆయనకు పదేళ్ల కిందటే చెప్పాను! అయినా విన్నదానికీ, వేలికి తెలిసినదానికీ మధ్య పదేళ్ల దూరం ఉంది. అభ్యాసం కూసు విద్య అని మనవాళ్లు ఊరికే అనలేదు. మీ నాన్నగారు ఆదివారాల్లో చేసినది ఇదే అయి ఉంటుంది. దీనికి పతకాలు ఉండవు.

ఇప్పుడు వయసు సంగతికి వస్తాను. బయటివారికి తెలిసిన జూడో టీవీలో ఒలింపిక్స్ సమయంలో కనిపించేది మాత్రమే. 1964 టోక్యో ఒలింపిక్స్‌లో తొలిసారి ప్రవేశించిన ఆ పోటీ జూడో పాతిక, ముప్ఫై ఏళ్లవారి వ్యవహారం. కానీ అసలు విద్యకు మొదటి నుంచీ రెండు కాళ్లు ఉన్నాయి. ఒకటి ‘రందోరి’, అంటే ఇద్దరూ ఇష్టమొచ్చిన పట్టుతో నిజంగా తలపడే సాధన. రెండోది ‘కతా’, అంటే ఎవరు ఏ కదలిక చేయాలో ముందే నిర్ణయమైన వరస. మన యువకులు కతాను పరీక్ష కోసం బట్టీ పట్టి మరచిపోతారు. నేనూ ముప్ఫై ఐదేళ్లవరకూ దాన్ని చిన్నచూపు చూసినవాడినే. రందోరి చేయలేని స్థితి వచ్చాక గానీ అది ఎందుకు పెట్టారో నాకు అర్థం కాలేదు.

1887లో రూపొందించిన ‘జూ నో కతా’ అనే వరసలో ఐదేసి చొప్పున మూడు విభాగాలు, మొత్తం 15 కదలికలు ఉంటాయి. ఇందులో ఎవరూ కింద పడరు. నెమ్మదిగా తోయడం, లొంగడం, ఆ తోపునే దారి మళ్లించడం, పైకి ఎత్తి నిలిపి దింపడం మాత్రమే ఉంటాయి. జూడో దుస్తులు కూడా అక్కరలేదు, మామూలు బట్టలతో ఇంటి వరండాలో చేసుకోవచ్చు. ఇక ‘కోషికి నో కతా’ ఈకుబో గారి కితో శాఖ నుంచి వచ్చినది. కవచాలు ధరించిన యోధులు తలపడినట్టు ఊహించుకుని చేసే 21 కదలికలు అందులో ఉంటాయి. 1929లో జపాన్ చక్రవర్తి ఎదుట కానో దీన్ని ప్రదర్శించినప్పుడు ఆయన వయసు 68. ఆయన చేతిలో మళ్లీ మళ్లీ పడి లేచిన యమాషితా యోషిత్సుగుకు 64. ఈ యమాషితా అమెరికా అధ్యక్షుడు థియోడర్ రూజ్‌వెల్ట్‌కు జూడో నేర్పిన మనిషి. వారిద్దరూ ఈ కతా చేస్తుండగా తీసిన పాత చలనచిత్రం ఇప్పటికీ దొరుకుతుంది, వీలుంటే నాన్నగారితో కలిసి చూడండి. తొందర లేదు, బలప్రయోగం లేదు. అయినా పడుతున్న మనిషి నిజంగానే నిలకడ తప్పి పడుతున్నాడని తెలుస్తుంది. మీ నాన్నగారు కొడోకాన్‌కు వెళ్లి నేర్చుకోదగినది ఇదేనని నా గట్టి అభిప్రాయం.

అపాయాల గురించి దాపరికం లేకుండా చెబుతాను. నాకు 49వ ఏట జరిగినదాన్నే తీసుకోండి. ఒక సాధన శిబిరంలో నాకంటే పాతికేళ్లు చిన్నవాడైన కుర్రాడితో రందోరికి దిగాను. దిగవలసిన అవసరం లేదు, చుట్టూ శిష్యులు చూస్తున్నారన్న అహం తప్ప. అతను విసిరినప్పుడు ఒప్పుకుని పడవలసింది పోయి చెయ్యి నేలకు ఆనించి అడ్డుకోబోయాను. భుజం తప్పుకుంది, ఏడు నెలలు చొక్కా వేసుకోవడానికి కూడా మా ఆవిడ సాయం కావలసి వచ్చింది. తప్పు ఆ కుర్రాడిది కాదు. ఈ వయసులో గాయపడేవారిలో ఎక్కువమంది పడటం రాక కాదు, పడటానికి ఒప్పుకోక గాయపడతారు. కాబట్టి మీ నాన్నగారు పోటీలో ఉన్న యువకులతో రందోరి చేయకూడదన్నది మీ మొదటి షరతు కావాలి. తన వయసువారితో, తనకు బాగా తెలిసినవారితో తేలికగా చేసుకుంటే అభ్యంతరం లేదు.

రెండో విషయం తల. ‘ఒసోతో-గారి’ అనే విసురులో కాలును వెనక నుంచి కోసినట్టు కొట్టి మనిషిని వెల్లకిలా పడేస్తారు. జూడోలో తలకు తగిలే తీవ్రమైన గాయాలకు దీనికి ఎక్కువ సంబంధం ఉంది. పడేటప్పుడు గడ్డాన్ని ఛాతీకి ఆనించి, చూపు నడుముకట్టు ముడి మీద నిలిపి ఉంచితే తల నేలకు తగలదు. ‘ఉకెమి’ అనే పడే విద్యలో ఇది మొదటిరోజు పాఠం. అలసిపోయినప్పుడు అందరూ మొదట మరచిపోయేదీ ఇదే. ఆయన రక్తం పలచబడే మందులు వాడుతుంటే మాత్రం ఇక విసిరించుకోవడం పూర్తిగా మానుకోవాలి. ఆ స్థితిలో చిన్న దెబ్బ కూడా తల లోపల రక్తస్రావానికి దారితీయవచ్చు. మూడోది మెడ. గొంతు పట్టులలో ఒత్తిడి మెడకు రెండు పక్కలా మెదడుకు వెళ్లే ధమనుల మీద పడుతుంది. యువకుడికి అది క్షణాల్లో తేరుకునే వ్యవహారం. ధమనుల్లో కొవ్వు పేరుకునే వయసులో అది పక్షవాతం వరకూ వెళ్లవచ్చు. అరవై దాటినవారిని నా దగ్గర ఆ పట్టులు వేయనివ్వను, వేయించుకోనివ్వను. బయలుదేరే ముందు గుండె, రక్తపోటు, మెడ ధమనులు, కళ్లు, ఎముకల సాంద్రత పరీక్ష చేయించండి. డాక్టరుకు ‘వ్యాయామం చేస్తారు’ అని కాకుండా ‘ఒకరిచేత నేల మీదకు విసిరించుకుంటారు’ అని స్పష్టంగా చెప్పండి. రెండూ విన్నప్పుడు డాక్టరు చెప్పే సలహా ఒకటిగా ఉండదు.

ఇంకో మాట కూడా మీ అమ్మగారికి చెప్పండి. ఈ వయసువారిని నిజంగా మంచాన పడేసేది స్నానాల గదిలో జారిపడటం. 37 ఏళ్లుగా వేలసార్లు పడి లేచిన శరీరం అలాంటప్పుడు చెయ్యి అడ్డం పెట్టకుండా గుండ్రంగా ఒదిగిపోతుంది. గ్యారంటీ ఇవ్వను కానీ, ఆ అలవాటు ఆయనకు చేసే మేలు తక్కువది కాదు.

కొడోకాన్ విషయం. అది టోక్యో బుంక్యో ప్రాంతంలో, కసుగా, కోరాకుయెన్ స్టేషన్లకు దగ్గరగా ఉంటుంది. బయటి దేశాలవారు కూడా చేరవచ్చు, చేరే రుసుము, నెలవారీ రుసుము కట్టాలి. అదే భవనంలో బస చేసే గదులూ ఉన్నాయి. తెల్లని జూడో దుస్తులే తీసుకువెళ్లాలి, పోటీల్లో వాడే నీలం రంగువి అక్కడ పనికిరావు. ఏడో అంతస్తులో 420 చాపల పెద్ద సాధనశాల ఉంది. ఎనిమిదో అంతస్తు నుంచి కూర్చుని చూడవచ్చు, కాబట్టి అమ్మగారు కూడా వెళ్తే ఆమె భయం చాలావరకు అక్కడే తీరుతుంది. జనవరిలో తెల్లవారుజామున పది రోజులు జరిగే ‘కాన్-గెయ్‌కో’ అనే చలికాలపు సాధన పేరు ఆయన చెప్పి ఉంటారు. అందరికీ దాని మీద మోజే. మన ఎండల్లో బతికిన 62 ఏళ్ల మనిషి మొదటిసారే దానికి వెళ్లడం నాకు నచ్చదు. అక్టోబరు, నవంబరు నెలలు హాయిగా ఉంటాయి. వెళ్లే ముందే ఉత్తరం రాసి, కతా నేర్పే తరగతులు ఏ రోజుల్లో ఉన్నాయో తెలుసుకోమనండి. రెండో డాన్ మనిషిని ఎవరైనా చిన్నచూపు చూస్తారేమోనని ఆయనకు బెరుకు ఉంటే అది అక్కరలేదు, అక్కడ ఎనభై ఏళ్లవారు కూడా తెల్లవారితే ఉచికోమి చేసుకునేవారే.

ఇక మీ ఆదివారాలు. దీన్ని చివరికి వాయిదా వేసుకుంటూ వచ్చాను. జూడోకు జీవితాన్ని ఇచ్చిన తల్లిదండ్రుల ఇళ్లలో ఈ లెక్క తేలని ఇల్లు నాకు తెలియదు. న్యూయార్క్‌లోని బ్రూక్లిన్‌కు చెందిన రస్టీ కానోకోగి 1959లో మగవాళ్ల జట్టులో మగవాడిలా జుట్టు కత్తిరించుకుని పోటీ చేసి గెలిచింది. ఆడమనిషి అని తెలిశాక పతకం వెనక్కి తీసుకున్నారు. 1962లో కొడోకాన్‌కు వెళ్లి అక్కడి మగవారితో కలిసి సాధన చేసింది. ఇద్దరు పిల్లల తల్లి అయ్యాక, 1980లో మహిళల తొలి ప్రపంచ జూడో పోటీలను న్యూయార్క్‌లో జరిపించడానికి తన ఇంటినే తాకట్టు పెట్టింది. మహిళల జూడో 1992 బార్సిలోనా ఒలింపిక్స్‌లో పతకాల పోటీ కావడం వెనుక ఆమె పోరాటం ఉంది. ఆ పాత పతకాన్ని ఆమెకు తిరిగి ఇచ్చింది 2009లో, అంటే ఆమె మరణించిన ఏడాదిలో. చరిత్ర ఆమెను గొప్పదన్నది, సరే. నేను ఆమె కథ చదివినప్పుడల్లా ఆ తాకట్టు కాగితాల మీద సంతకం జరిగిన రాత్రి ఆ ఇంట్లో పిల్లలు ఏం అనుకున్నారో అని ఆలోచిస్తాను. ఆమె కూతురు కూడా తరువాత జూడోలోకే వచ్చింది. అయితే అందరి పిల్లలూ రావాలని లేదు. మా అమ్మాయి రాలేదు. ‘నీకు మా పుట్టినరోజుల కంటే బెల్టు పరీక్షల తేదీలు బాగా గుర్తు నాన్నా’ అని ఆమె అన్నప్పుడు నా దగ్గర సమాధానం లేదు, ఇప్పటికీ లేదు. మీ నాన్నగారి దగ్గర కూడా ఉండకపోవచ్చు. ఆయన విద్య నిజమైనదే, మీకు జరిగిన లోటూ నిజమైనదే. ఒకదాన్ని చూపి రెండోదాన్ని కొట్టివేయమని నేను చెప్పను. ఆ లోటు గురించి ఆయనతో మాట్లాడండి, కానీ టోక్యో ప్రయాణాన్ని దానికి జరిమానాగా రద్దు చేయించకండి.

చివరిగా, మీరు అడగని ఒక విషయం. కతా ఒంటరిగా చేసేది కాదు. చేసే మనిషిని ‘తొరి’ అనీ, చేయించుకునే మనిషిని ‘ఉకె’ అనీ అంటారు. ఈ వయసువారికి దొరకనిది గురువు కాదు, ఉకె. కుర్రాళ్లకు కతా మీద ఓపిక ఉండదు, తోటివారేమో ఒక్కొక్కరే మోకాళ్లతో ఇంటికి పరిమితమవుతారు. మీ నాన్నగారు టోక్యో టోక్యో అనడానికి సగం కారణం ఇదే కావచ్చు. మీరు ఈసారి ఇంటికి వెళ్లినప్పుడు జూ నో కతాలోని మొదటి కదలికకు ఉకెగా నిలబడతానని చెప్పి చూడండి. దాని పేరు త్సుకి-దాషి. ఆయనకు ఎదురుగా దాదాపు ఆరడుగుల దూరంలో నిలబడి, మూడు అడుగులు ముందుకు వేస్తూ కుడి అరచేతిని నెమ్మదిగా పైకి లేపి, మూడో అడుగుకు వేళ్లు సరిగ్గా ఆయన రెండు కళ్ల మధ్యకు చేరేలా చాచాలి. మీరు చేయవలసింది అంతే, ఆ తరువాత మీ చేతిని ఎటు తీసుకువెళ్లాలో ఆయన చూసుకుంటారు. పైకి ఎత్తే కదలికలను మాత్రం ఆయన నడుము సంగతి డాక్టరు చెప్పేవరకూ వదిలేయండి. పడటం ఉండదు కాబట్టి చీర కట్టుకుని కూడా చేయవచ్చు, డాబా మీద చెప్పులు విప్పితే చాలు.